రెండేళ్లు సెల్లార్‌లో పడి ఉన్న నల్ల బీఎండబ్ల్యూ: గీతలు ఎంతవరకు తీయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. 2013 మోడల్ బీఎండబ్ల్యూ 520డి, బ్లాక్ సఫైర్ రంగు. ఓనరు అమెరికాలో ఉంటే, కారు రెండేళ్లకు పైగా కూకట్‌పల్లిలోని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కదలకుండా ఉండిపోయింది. ఇప్పుడు మీరు కొన్నారు. ఎండలోకి తెచ్చి చూస్తే ఒళ్లంతా సాలెగూడు లాంటి గీతలు, బానెట్ మీద తెల్లటి మచ్చలు, ఎడమవైపు వెనక డోర్ మీద తాళంచెవితో గీసినట్టు ఒక పొడుగాటి గీత. ఒక షాపువాళ్లు ఒక్క రోజులో రబ్బింగ్, పాలిష్, సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే పలచటి రక్షణ పొర) అన్నీ చేసి కొత్త కారులా ఇస్తామన్నారు. మీ బావగారేమో మెషీన్ కొనుక్కుని మనమే చేసుకుందాం అంటున్నారు. రెండింట్లో ఏది నయం?

బావగారి మాటే నయం అండి. కాకపోతే తొందరపడకూడదు, కొన్ని కొలతలు తీసుకోకుండా మెషీన్ ఆన్ చేయకూడదు. ఇంత పెద్ద కారుకి పెయింట్ కరెక్షన్, అంటే పెయింట్ మీది గీతల్ని మెషీన్‌తో తీయడం, ఒక మనిషికి రెండు మూడు రోజుల పని. కడిగి, మట్టీ మురికీ వదిలించి, ఆరబెట్టి, క్లే (అతుక్కున్న మురికిని లాగేసే జిగురు మట్టిముద్ద) రుద్దేసరికే సగం రోజు పోతుంది. ఒక్క రోజులో అంతా అయిపోతుందంటే జరిగేది సాధారణంగా ఒకటే. రోటరీ మెషీన్‌కి ఉన్ని ప్యాడ్ బిగించి గబగబా తిప్పేస్తారు, మిగిలిన గీతల్ని నూనె శాతం ఎక్కువున్న గ్లేజ్‌తో కప్పేస్తారు. డెలివరీ తీసుకునేటప్పుడు అద్దంలా ఉంటుంది. నాలుగు వాష్‌లు అయ్యాక పాత గీతలు బయటపడతాయి, వాటితోపాటు రోటరీ వదిలిన అలల్లాంటి మరకలు కూడా కనిపిస్తాయి. వీటిని మేం హోలోగ్రాములు అంటాం. రాత్రిపూట పెట్రోల్ బంకు లైట్ల కింద నల్ల కారు ఆపి పక్కనుంచి చూడండి, ఎవరు ఎలా పని చేశారో అక్కడ దాగదు.

ముందు కారు మీద ఏముందో చూద్దాం. రేకు మీద తుప్పు పట్టకుండా వేసే ఈ-కోట్, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు ఉండే బేస్ కోట్, అన్నిటికన్నా పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్. ఇవన్నీ కలిపి ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం ఉజ్జాయింపుగా 70 మైక్రాన్లు, అంటే మీరు పని చేయబోయే పొర వెంట్రుక కంటే పలచన. మీకు కనిపిస్తున్న సాలెగూడు గీతలన్నీ ఆ పొరలోనే ఉన్నాయి. నలుపు రంగుకి ఏమీ కాలేదు, అది కింద భద్రంగా ఉంది.

పాలిష్ చేయడమంటే గీతని పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీయడం. తీసింది మళ్లీ రాదు. పైగా ఎండ నుంచి రక్షణ ఇచ్చేది కూడా ఆ పొరే. అందుకే ఈ పనిలో మొదటి ప్రశ్న ఎంత మిగల్చాలి అన్నదే. మీ కారుకి పన్నెండేళ్లు దాటాయి, ఇంకా ఎన్నో ఏళ్లు నడపాలి. నేనైతే ఈ కారుని నూటికి నూరు శాతం గీతల్లేకుండా చేయను. ఎనభై, ఎనభై అయిదు శాతం దగ్గర ఆపేస్తాను. ఎందుకో కింద చెప్తాను.

నల్ల కారుకే ఎందుకిన్ని గీతలు అని చాలామంది అడుగుతారు. తెల్ల కారు మీద కూడా అన్నే ఉంటాయి. గీత అంచు మీద పడిన వెలుతురు చెదిరి తెల్లగా మెరుస్తుంది. వెనక నలుపు ఉంటే ఆ మెరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తెలుపు ఉంటే కలిసిపోతుంది. ఇంకో భ్రమ కూడా ఉంది. గీతలు గుండ్రంగా కనిపిస్తాయి కాబట్టి గుండ్రంగా తుడవడం వల్లే వచ్చాయి అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి. వాటిలో బల్బు వెలుతురుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మన కంటికి మెరుస్తాయి, అందుకని బల్బు చుట్టూ వలయాలు కట్టినట్టు ఉంటుంది. బాగా తోమిన స్టీలు పళ్లెం లైటు కింద పెట్టి కదిపి చూడండి, ఆ వలయాలు కూడా లైటుతోపాటే కదులుతాయి. కాబట్టి 'నిలువుగా తుడిస్తే గీతలు రావు' అన్న మాట నమ్మకండి. గుడ్డలో దుమ్ముంటే ఎటు తుడిచినా గీతే.

పెయింట్ సంగతికి వెళ్లేముందు ఒక్క మాట. రెండేళ్లు నిలబడిపోయిన కారుకి టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, ఎలుకలు కొరికిన వైర్లు ముందు చూపించుకోండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అది చూశాక పాలిష్ బడ్జెట్ ఎంత మిగులుతుందో తేలుతుంది.

ఇక కడగడం. ఇప్పుడు కారు మీదున్న దుమ్ముని పొరపాటున కూడా పొడిగుడ్డతో తుడవకండి. సెల్లార్ దుమ్ములో సిమెంటు, ఇసుక రేణువులుంటాయి, గీతలు పెట్టడానికి అంతకన్నా మంచి సరుకు దొరకదు. ముందు ప్రెషర్ వాషర్‌తో పైనుంచి కిందికి ఉత్త నీళ్లు కొట్టండి. తర్వాత ఫోమ్ పట్టించి ఐదారు నిమిషాలు వదిలేయండి, ఆరిపోనివ్వకుండా మళ్లీ నీళ్లతో కొట్టేయండి. ఇంత మురికికి ఫోమ్ రెండుసార్లు పట్టించాలి. ఆ తర్వాతే చేతికి మైక్రోఫైబర్ గ్లవ్ తొడుక్కుని, రెండు బకెట్లు పెట్టుకుని కడగాలి. ఒకదానిలో షాంపూ నీళ్లు, ఒకదానిలో గ్లవ్ జాడించుకోవడానికి మంచినీళ్లు. వాషర్ గన్ మరీ దగ్గరగా పెట్టకండి, ఎక్కడైనా రీపెయింట్ చేసి ఉంటే పెచ్చులు లేచిపోవచ్చు.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. మన అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లతోనే కార్లు కడుగుతారు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నల్ల బానెట్ మీద నీటిబొట్టు ఆరిందంటే తెల్లటి ఉంగరం మిగులుతుంది, ఎండలో ఆరితే క్లియర్ కోట్‌లోకే దిగుతుంది. మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో వచ్చే రోజు చూసుకుని కడగండి. అది కుదరకపోతే ఆఖరి జాడింపు ఒక్కటైనా ఆర్వో నీళ్లతో చేసి వెంటనే తువ్వాలుతో అద్దేయండి.

మీ బానెట్ మీద తెల్ల మచ్చలు రెండు రకాలయ్యుండొచ్చు. ఒకటి నీటి మరకలు. రెండోది సెల్లార్ స్లాబు నుంచి కారిన చుక్కలు. కాంక్రీటులోంచి ఊరి వచ్చే నీళ్లలో సున్నం ఉంటుంది. అది క్షారం, ఆరాక రాయిలా గట్టిపడుతుంది, కింద పెయింటుని కూడా తింటుంది. గోటితో, బ్లేడుతో గీకే ప్రయత్నం వద్దు. వాటర్ స్పాట్ రిమూవర్ అని అమ్మే ఆమ్లపు ద్రావణాలు పనిచేస్తాయి. అది దొరక్కపోతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, తడిపిన గుడ్డని మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు పరిచి, బాగా కడిగేయండి. ఒకసారికి పోకపోతే మళ్లీ చేయండి, ఎక్కువసేపు మాత్రం వదలకండి. కిటికీల చుట్టూ ఉన్న వెండిరంగు పట్టీ అల్యూమినియం, దానికి ఆమ్లం తగిలితే పొగచూరినట్టు మచ్చపడి మళ్లీ పోదు. అక్కడ ముందే టేపు వేసుకోండి. పైనున్న సున్నం కరిగిపోయాక కూడా అదే ఆకారంలో మసక మిగిలితే పెయింట్‌లో చిన్న గుంట పడిందన్నమాట, దాని సంగతి పాలిష్ చూసుకుంటుంది. పిట్టరెట్టల మచ్చలదీ ఇదే కథ.

తర్వాత ఐరన్ రిమూవర్. స్ప్రే చేస్తే ఇనుప రజను ఉన్నచోట ఊదారంగులోకి మారుతుంది. బ్రేక్ దుమ్ము చక్రాల దగ్గరే ఉంటుంది కదా, పైన రజను ఎక్కడిది అనుకోకండి. అపార్ట్‌మెంట్లో ఎవరో ఒకరు గ్రిల్ వెల్డింగ్ చేయిస్తూనే ఉంటారు, ఆ నిప్పురవ్వలు పక్కన కార్ల మీద పడి అతుక్కుంటాయి. గేటుకి స్ప్రే పెయింట్ వేసినప్పుడు వచ్చిన తుంపర కూడా ఉంటుంది. అది క్లే బార్‌తో పోతుంది. క్లే చేసేటప్పుడు లూబ్రికెంట్ ధారాళంగా వాడండి, క్లే ముక్క కిందపడితే పారేయండి, మళ్లీ వాడొద్దు. నల్ల పెయింటు మీద క్లే చేస్తే సన్నటి గీతలు పడతాయి. ఎలాగూ పాలిష్ చేస్తున్నారు కాబట్టి ఇప్పుడు పర్వాలేదు. పాలిష్ చేసే ఉద్దేశం లేనప్పుడు నల్ల కారుకి క్లే జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు కొలత. పెయింట్ థిక్‌నెస్ గేజ్ కొన్ని వేల రూపాయల్లో వస్తుంది, లేదా తెలిసిన డిటైలర్‌ని (ఇలా కార్లకి పాలిష్ పని చేసేవాళ్లని) అడిగి ఒక పూట తెచ్చుకోండి. మీ కారు ఎఫ్10 తరం. దీనికి బానెట్, ముందు ఫెండర్లు, నాలుగు డోర్లు అల్యూమినియం, మిగతాది స్టీలు. అందుకని రెండు లోహాల మీదా కొలిచే గేజ్ కావాలి. స్టీలుకి మాత్రమే పనికొచ్చే చవక గేజ్ తెస్తే సగం కారు మీద రీడింగే రాదు. బంపర్లు ప్లాస్టిక్, వాటిని మామూలు గేజ్ చదవదు. ఒక్కో ప్యానెల్ మీద ఐదారు చోట్ల కొలిచి కాగితం మీద రాసుకోండి.

ఆ అంకెల్ని ఎలా చదవాలంటే, కారంతా 110, 120, 130 చుట్టూ ఉంటే ఫ్యాక్టరీ పెయింట్ అని, ఎవరూ పెద్దగా అరగదీయలేదని అనుకోవచ్చు. ఒక ప్యానెల్ 200 దాటిందంటే మళ్లీ పెయింట్ పడింది. ఐదారు వందలు, వెయ్యి చూపిస్తే లోపల పుట్టీ ఉంది. మీరు భయపడాల్సింది ఎక్కువ అంకెకి కాదు, తక్కువ అంకెకి. చుట్టూ 120 ఉండి ఒకచోట 85, 90 వస్తే అక్కడ ఎవరో ఇదివరకే గట్టిగా రబ్బింగ్ చేశారు. అక్కడ కాంపౌండ్ (ఎక్కువ అరగదీసే ముతక పాలిష్) వద్దు, ఫినిషింగ్ పాలిష్‌తో (మెరుపు తెచ్చే సన్నటి పాలిష్‌తో) ఎంత వస్తే అంతే. గేజ్ మొత్తం పెయింట్ మందమే చెప్తుంది, క్లియర్ కోట్ ఎంతుందో విడిగా చెప్పదు. అది మన అంచనా.

రీపెయింట్ చేసిన ప్యానెల్ మందంగా ఉంది కదా, ఎంతైనా తీయొచ్చు అనుకునేవాళ్లున్నారు. ఆ మందం పుట్టీదో ప్రైమర్‌దో అయ్యుండొచ్చు, పైన క్లియర్ పలచగానే ఉండొచ్చు. పైగా దాని స్వభావం వేరు. ఫ్యాక్టరీలో పెయింట్‌ని సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. బయట షాపులో కారులో ప్లాస్టిక్, వైరింగ్ అన్నీ ఉండగా అంత వేడి పెట్టలేరు, 60 డిగ్రీల దగ్గర ఆపుతారు. అందుకే షాపు పెయింట్ తరచుగా మెత్తగా ఉంటుంది, తొందరగా కోసుకుపోతుంది, తొందరగా గీతలు పడుతుంది. ఒకే కారులో ఒక డోర్ ఒకలా, పక్క డోర్ ఇంకోలా ప్రవర్తిస్తే కారణం ఇదే.

క్లియర్ కోట్ పెచ్చులుగా లేచిపోయి తెల్లటి మ్యాపుల్లా ఉన్నచోటు ఏదైనా ఉంటే, పైకప్పు మీదా బూట్ మీదా ముఖ్యంగా చూడండి, దానికి పాలిష్ మందు కాదు. అక్కడ రుద్దితే అంచులు ఇంకా లేస్తాయి. ఆ ప్యానెల్‌కి పెయింటే దారి.

మెషీన్ విషయానికొస్తే మీరు కొనాల్సింది డ్యుయల్ యాక్షన్, అందరూ డీఏ అంటారు. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కకీ ఊగుతుంది, అందువల్ల ఒకేచోట వేడి పోగవదు. గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది, అదే కొత్తవాళ్లకి రక్ష. రోటరీ అలా ఆగదు. అనుభవం ఉన్న చేతిలో అది వేగంగా కోస్తుంది, లేని చేతిలో అంచు దగ్గర రెండు సెకన్లలో నలుపు దాటి ప్రైమర్ చూపిస్తుంది. 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటు, 15 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ పక్కకి ఊగే కొలత) ఉన్న డీఏ మీ కారుకి బాగా సరిపోతుంది. బీ-పిల్లర్లు (ముందు, వెనక డోర్ల మధ్య నిలువు పట్టీలు), అద్దాల వెనక భాగం లాంటి ఇరుకు చోట్లకి 3 అంగుళాల ప్లేటు కూడా ఒకటి ఉంటే మంచిది.

అంతకంటే ముఖ్యం ప్యాడ్లు. ఒకటి రెండు ప్యాడ్లతో కారంతా చేయడం చవకగా అనిపిస్తుంది, ఫలితం కూడా అలాగే వస్తుంది. కోసిన క్లియర్ కోట్ పొడి, ఎండిన కాంపౌండ్ ప్యాడ్‌లో పేరుకుపోతే అదే కొత్త గీతలు పెడుతుంది. ప్రతి భాగం అయ్యాక బ్రష్‌తో ప్యాడ్ దులపండి, రెండు మూడు ప్యానెళ్లకి ఒకసారి మార్చండి. కటింగ్‌కి మైక్రోఫైబర్ ప్యాడ్ లేదా గట్టి ఫోమ్, ఫినిషింగ్‌కి మెత్తటి ఫోమ్. కాంపౌండ్, ఫినిషింగ్ పాలిష్ ఒకే కంపెనీవి తీసుకోండి. మెగ్వయర్స్ ఎం105, ఎం205 జోడీ ఇక్కడ చాలాకాలంగా నడుస్తోంది. మెంజెర్నా, కోక్ కెమీ కూడా మంచివే. బ్రాండ్ గురించి అంత టెన్షన్ వద్దు. తేడా తెచ్చేది ప్యాడ్, ఓపిక.

టెస్ట్ స్పాట్ దగ్గరే ఎక్కువ సమయం పెట్టాలి. బానెట్ మధ్యలో, అంచులకి దూరంగా, రెండడుగుల చదరం టేపుతో గుర్తు పెట్టుకోండి. అన్నిటికన్నా తక్కువ దూకుడున్న జోడీతో, అంటే మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో మొదలుపెట్టండి. ప్యాడ్ మీద బఠాణీగింజంత నాలుగు చుక్కలు చాలు. మెషీన్ ఆపి ఉంచే ప్యాడ్‌తో అద్ది, తక్కువ స్పీడులో పరిచి, తర్వాత 4 లేదా 5 స్పీడు పెట్టండి. చేయి సెకనుకి ఒక అంగుళం చొప్పున కదలాలి. చూసేవాళ్లకి విసుగొచ్చేంత నిదానం అది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ప్రతి వరస ముందు వరసని సగం కప్పుతూ, మొత్తం నాలుగు నుంచి ఆరు సార్లు. ప్యాడ్ వెనక మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, ప్యాడ్ తిరుగుతుందో ఉత్తినే వణుకుతుందో తెలుస్తుంది.

తుడిచాక అద్దంలా కనబడితే సంబరపడకండి. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని పది పదిహేను శాతానికి నీళ్లలో కలిపి స్ప్రే చేసి తుడవండి, లేదా రెడీమేడ్ ప్యానెల్ వైప్ వాడండి. ఆ తర్వాత కనిపించేదే నిజం. ఫోన్ టార్చ్ మంచి పరీక్ష. చిన్న బిందువులాంటి వెలుతురు కాబట్టి గీతల్ని పట్టిస్తుంది. గది నిండా ట్యూబ్‌లైట్లుంటే ఏమీ కనబడదు. టెస్ట్ స్పాట్ అయ్యాక కారుని ఎండలోకి తీసి కూడా చూడండి, చూశాక మళ్లీ నీడకి తెచ్చి ప్యానెల్ చల్లారాకే పని.

సగం గీతలు కూడా పోలేదా? అదే పాలిష్, కాస్త గట్టి ప్యాడ్. అప్పటికీ పోలేదా? కాంపౌండ్, మైక్రోఫైబర్ ప్యాడ్. కాంపౌండ్ తర్వాత నల్ల పెయింట్ మీద సన్నటి పొగలాంటి మసక వస్తుంది. కంగారు వద్దు, అది ఆ ప్యాడ్ పెట్టిన అతి సన్నటి గీతలే, ఫినిషింగ్ స్టెప్‌తో పోతుంది. తెల్ల కారుకైతే ఒక స్టెప్‌తో ఆపేయొచ్చు. నల్ల కారుకి రెండో స్టెప్ తప్పదు. మీ టెస్ట్ స్పాట్‌లో ఏ జోడీ ఎనభై శాతం తీసిందో ఆ జోడీ దగ్గర ఆగి, కారంతా దానితోనే చేయండి. మిగిలిన ఇరవై శాతం లోతైన గీతలు. వాటి అడుగుదాకా వెళ్లాలంటే చుట్టూ ఉన్న మంచి క్లియర్ కోట్‌ని కూడా అంత లోతుకి తీసేయాలి. రోజూ రోడ్డెక్కే కారుకి అది దండగ. కాంపౌండ్ తిరిగినచోట లోతు గీతల పదునైన అంచులు ఎలాగూ గుండ్రబడతాయి. మెరిసేది ఆ అంచే కాబట్టి గీత ఉన్నా కంటికి ఆనదు. ఇదే నేను మొదట చెప్పిన ఎనభై శాతం లెక్క.

జాగ్రత్తపడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ప్యానెల్ అంచులు, బానెట్ మీది ఉబ్బెత్తు గీతలు, డోర్ల వెంబడి పొడుగునా ఉన్న మడత. ఇక్కడ పెయింట్ పలచగా ఉంటుంది, పైగా ప్యాడ్ బరువంతా ఆ సన్నటి అంచు మీదే పడుతుంది. కాంపౌండ్ చేసేటప్పుడు వాటి మీద టేపు వేసేయండి, ఫినిషింగ్‌లో మాత్రం టేపు తీసి తేలిగ్గా తిప్పండి. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వేడి చుట్టుపక్కలకి పాకదు, ఒకేచోట నిలుస్తుంది. అక్కడ స్పీడు తగ్గించండి. బీ-పిల్లర్ల మీది మెరిసే నలుపు అన్నిటికన్నా మెత్తన, దానికి ఫినిషింగ్ పాలిష్ మించి ఏదీ వాడొద్దు. ప్యానెల్ మీద అరచేయి ఆన్చి ఉంచలేనంత వేడెక్కితే ఆపి పక్క ప్యానెల్‌కి వెళ్లండి.

మన వాతావరణంలో కాంపౌండ్ తొందరగా ఎండిపోయి దుమ్ములా లేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపేయడం మేలు. కాంపౌండ్ ఎండుతుంటే ఇంకా వేయకండి, ప్యాడ్ మీద ఒక్క పొగమంచంత నీళ్లు స్ప్రే చేయండి. ఫ్యాన్ వేసుకుంటే సెల్లార్ దుమ్మంతా పాలిష్ తడి ఉన్న ప్యానెల్ మీదికి వస్తుంది. ఉక్కపోత భరించాల్సిందే.

ఇక ఎడమ డోర్ మీది పొడుగు గీత. దాన్ని మొదట నీళ్లతో తడపండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమై ఆరాక మళ్లీ వస్తే అది క్లియర్ కోట్‌లోనే ఉంది. తడిపినా తెల్లగానో బూడిదరంగుగానో కనిపిస్తే బేస్ కోట్ దాటి ప్రైమర్ దాకా వెళ్లింది. గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి, గోరు ఆగిందంటే పాలిష్‌తో పూర్తిగా పోయే గీత కాదు.

క్లియర్‌లోనే ఉండి, గోరు కొంచెమే తగులుతుంటే, ఆ గీత మేరకు 3000 గ్రిట్ పేపర్‌తో (చాలా సన్నటి గరుకు కాగితంతో) తడిపి రుద్ది, తర్వాత కాంపౌండ్ చేసే పద్ధతి ఉంది. గేజ్ చేతిలో లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. మొదటిసారి చేసేవాళ్లకైతే గేజ్ ఉన్నా వద్దంటాను. ముందు వేరే కారు పాత బానెట్ ఏదైనా స్క్రాప్ షాపులో కొనుక్కుని దాని మీద చేయి తిప్పుకోండి, అది ఖర్చు తక్కువ చదువు.

ప్రైమర్ కనిపిస్తుంటే టచప్. బీఎండబ్ల్యూ టచప్ పెన్ రంగు ఒకటి, క్లియర్ ఒకటి జోడీగా వస్తుంది. బ్లాక్ సఫైర్ కోడ్ 475. మామూలు నలుపు వేరే కోడ్, జెట్ బ్లాక్ 668. మీదాంట్లో నీలం ఛాయ ఉన్న మెటాలిక్ రేణువులుంటాయి, ఉత్త నలుపు వేస్తే ఎండలో పాములా కనిపిస్తుంది. బానెట్ కింద స్టిక్కర్ మీద కోడ్ సరిచూసుకుని కొనండి. పెన్‌తో వచ్చే బ్రష్ లావుగా ఉంటుంది, సన్నటి ఆర్టిస్ట్ బ్రష్ తీసుకోండి. గీతని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, గీత లోపల మాత్రమే పలచగా రంగు నింపండి. ఆరాక ఇంకో పొర. రంగు చుట్టూ ఉన్న ఉపరితలం కంటే కాస్త కిందే ఉండాలి, పైన మిగిలిన ఖాళీ క్లియర్‌ది. క్లియర్ పూర్తిగా గట్టిపడేదాకా కొన్ని రోజులు వదిలి, అప్పుడు ఉబ్బుని చదును చేసి పాలిష్ చేయాలి. ఎంత బాగా చేసినా దగ్గరికొచ్చి వెతికితే తెలుస్తుంది. మూడడుగుల దూరం నుంచి తెలియదు. అది చాలదనుకుంటే డోర్ మొత్తం మంచి పెయింట్ బూత్‌లో వేయించుకోవాలి. ఒక్క గీత కోసం ఫ్యాక్టరీ పెయింట్ వదులుకోవడం నాకైతే ఇష్టం ఉండదు.

టూత్‌పేస్టు, కిరోసిన్ సలహాలు మీకు ఈపాటికి వచ్చే ఉంటాయి. టూత్‌పేస్టులో కూడా అరగదీసే పొడే ఉంటుంది. కానీ అది ఎంత ముతకో మీకు తెలియదు, చేత్తో రుద్దితే ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పోతుంది. కిరోసిన్ గీతలో తడిలా నిలబడి మెరుస్తుంది, ఆరగానే గీత తిరిగొస్తుంది.

సిరామిక్ సంగతి క్లుప్తంగా చెప్తాను. గీతలు తీశాక వేస్తే మంచిదే. నీళ్లు నిలవవు, మురికి సులువుగా వదులుతుంది. కానీ అది ఒకటి రెండు మైక్రాన్ల పొర. '9హెచ్' అని చెప్పేది పెన్సిల్ గీత పరీక్షలో గట్టిదనం, వజ్రాలూ రాళ్లూ కొలిచే లెక్క కాదు. తాళంచెవి గీతని అది ఆపదు, బోరు నీటి మరకని కూడా ఆపదు. గీతల మీదే సిరామిక్ వేస్తే ఆ గీతల్ని దాని కింద బంధించినట్టే, తీయాలంటే మళ్లీ కోటింగ్ కూడా అరగదీయాలి. గులకరాళ్ల దెబ్బ ఆగాలంటే పీపీఎఫ్ కావాలి, 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న ప్లాస్టిక్ ఫిల్మ్ అది. బడ్జెట్ ఉంటే బంపర్, బానెట్ వరకు వేయించండి. లేకపోతే ఈ ఏడాదికి మంచి సీలెంట్ (చేత్తో పూసుకునే రక్షణ పూత) చాలు, మూడు నాలుగు నెలలకోసారి మీరే పూసుకోవచ్చు.

అసలు ఈ గీతలన్నీ ఎక్కడివంటే, ఓనరు అమెరికాలో ఉన్నా నెలకింత అని డబ్బు పంపించి రోజూ తుడిపించి ఉంటారు. సెల్లార్‌లో ముప్పై కార్లకి ఒకే బకెట్, ఒకే గుడ్డ. తుడిచే అబ్బాయిని తప్పుపట్టలేం, అతనికి ఇచ్చే జీతానికీ ఇచ్చే నీళ్లకీ అంతే అవుతుంది. మీ కారు పని అయ్యాక మాత్రం అతనితో స్పష్టంగా మాట్లాడుకోండి. జీతం అంతే ఇస్తాను, నా కారు ముట్టుకోవద్దు, టైర్లూ అద్దాలూ మాత్రం తుడువు అనండి. దుమ్ముతో కనిపించినా పర్వాలేదు, వారం పది రోజులకోసారి మీరే రెండు బకెట్లతో కడుక్కోండి. గుడ్డతో కప్పే కవర్ కూడా వద్దు. దుమ్ము మీద కవర్ లాగితే అదీ గీతే. దసరాకి బానెట్ మీద గంధం, కుంకుమ పెట్టేటప్పుడు ఉంగరం ఉన్న వేలితో ఓంకారం రాయకండి. ఆ బొట్టుని ఎండబెట్టి నెలల తరబడి ఉంచకుండా సాయంత్రానికే నీళ్లతో కడిగేయండి. నా దగ్గరికొచ్చే చాలా బానెట్ల మీద ఓంకారం పాలిష్ చేశాక కూడా లైటు కింద చదవడానికి వీలుగానే ఉంటుంది.

మైక్రోఫైబర్ గుడ్డల్ని మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు. పెయింట్‌కి వాడేవి వేరు, చక్రాలకి వాడేవి వేరు, రంగు చూసి గుర్తుపట్టేలా పెట్టుకోండి.

మెషీన్ కొనేముందు గేజ్ రీడింగులు, డోర్ మీది గీత ఫొటోలు రెండు, తడిపి ఒకటి ఆరాక ఒకటి, ఇక్కడ పెట్టండి. బానెట్‌కి, పైకప్పుకి రీడింగులు వేరువేరుగా రాయండి. అవి చూశాక ఆ డోర్‌కి టచప్ చాలో బూత్‌కి పంపాలో, బానెట్ మీద కాంపౌండ్ వేయొచ్చో లేదో చెప్తాను.